మళ్ళీ మళ్ళీ వచ్చిన ఫుట్‌బాలర్: బ్రాడ్లీ లౌరీ కేస్ స్టడీ

పిల్లల క్యాన్సర్ వార్డులో కౌన్సెలర్‌గా పనిచేసేవాళ్ళకి తరచూ ఒక ఫోన్ వస్తుంది. "మా సార్ పిల్లల్ని ఒకసారి చూసి వెళ్తారటండీ, ఎప్పుడు రమ్మంటారు?" సార్ అంటే క్రికెటర్ కావచ్చు, సినిమా హీరో కావచ్చు, ఎమ్మెల్యే కావచ్చు. వెంట ఫొటోగ్రాఫర్, పండ్ల బుట్టలు. కాసేపట్లో అంతా అయిపోతుంది. పిల్లలు సంతోషపడని మాటేమీ లేదు, నిజంగానే పడతారు. కానీ మర్నాటికి ఆ పిల్లాడి దగ్గర ఏం మిగిలిందో ఎవరూ రాసిపెట్టరు.

కొత్తగా చేరినవాళ్ళకి ఈ పని నేర్పేటప్పుడు నేను ఇంగ్లండ్‌లో 2016–17లో జరిగిన ఒక కేసు చెప్తాను. ఇలాంటి కథలు చాలావరకు ఒక్కరోజు వార్తగా వచ్చి పోతాయి. ఇదొక్కటి మాత్రం మొదలు నుంచి చివరి దాకా, ఆ తర్వాత కూడా అందరికీ తెలిసేలా జరిగింది. బ్రాడ్లీ నా పేషెంట్ కాదు, అతని ఫైలు నేను చూడలేదు. కుటుంబమూ క్లబ్బులూ బయటికి చెప్పిన విషయాలే ఇక్కడ ఆధారం. వాటి మీద వ్యాఖ్యానం మాత్రం నాది.

పిల్లాడు, జబ్బు

బ్రాడ్లీ లౌరీ 2011 మే 17న పుట్టాడు. ఊరు ఇంగ్లండ్ ఈశాన్యాన, డర్హమ్ కౌంటీలో సముద్రం ఒడ్డున ఉన్న బ్లాక్‌హాల్ కొల్లియరీ. పేరులోనే బొగ్గు గని ఉంది. ఆ గని 1981లో మూతపడింది. ఆ ప్రాంతంవాళ్ళు ఆరాధించే క్లబ్ సండర్లాండ్. దాని మైదానం కూడా పాత గని ఉన్న చోటే కట్టారు. గని కార్మికుల దీపాన్ని తలచుకుంటూ దానికి స్టేడియం ఆఫ్ లైట్ అని పేరు పెట్టారు, బయట ఆ దీపం ప్రతిమ కూడా ఉంటుంది. సింగరేణి ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ వాతావరణం ఇట్టే అర్థమవుతుంది. అలాంటి చోట ఒక ఇంటి కష్టం ఆ ఇంట్లోనే ఉండిపోదు, వాడంతా పంచుకుంటుంది. ఈ వివరం ఊరికే చెప్పడం లేదు, తర్వాత జరిగినదాంట్లో దీనికి పెద్ద పాత్ర ఉంది.

2013 జనవరిలో, రెండేళ్ళు నిండకముందే, బ్రాడ్లీకి న్యూరోబ్లాస్టోమా అని తేలింది. పూర్తిగా ఎదగని నాడీ కణాల నుంచి పుట్టే క్యాన్సర్ ఇది. ఎక్కువగా కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో మొదలవుతుంది, ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలే. బ్రిటన్‌లో ఏటా దాదాపు వంద మంది పిల్లలకి వస్తుంది. హై రిస్క్ రకమైతే కీమో, సర్జరీ, స్టెమ్ సెల్ మార్పిడి, రేడియేషన్ అన్నీ చేయాలి. అన్నీ చేశాక కూడా తిరగబెట్టే భయం పోదు. బ్రాడ్లీకి ట్రీట్‌మెంట్ పనిచేసి జబ్బు తగ్గింది. 2016 జూలైలో తిరగబెట్టింది.

న్యూరోబ్లాస్టోమా రిలాప్స్ అయిందంటే, అంటే తిరగబెట్టిందంటే, నయమయ్యే ఆశ బాగా తక్కువని మా వార్డులో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. కుటుంబం న్యూయార్క్‌లో యాంటీబాడీ చికిత్స (క్యాన్సర్ కణాల మీదికి ఒంట్లోని రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందులు) కోసం 7 లక్షల పౌండ్లు పోగుచేయడానికి పూనుకుంది.

మస్కట్‌గా మొదటి రోజు

2016 సెప్టెంబర్ 12న సండర్లాండ్ సొంత మైదానంలో ఎవర్టన్‌తో ఆడింది. బ్రాడ్లీ ఆ రోజు మస్కట్. అంటే ఆటగాళ్ళ చెయ్యి పట్టుకుని సొరంగంలోంచి మైదానంలోకి నడిచే పిల్లాడు. సండర్లాండ్ స్ట్రైకర్ జెర్మెయిన్ డెఫోకి అతను దగ్గరైంది అక్కడే. ప్రత్యర్థి జట్టయిన ఎవర్టన్ ఆ సందర్భంలోనే 2 లక్షల పౌండ్ల విరాళం ప్రకటించింది. మ్యాచ్‌లో ఎవర్టన్ 3–0తో గెలిచింది, లుకాకు హ్యాట్రిక్ కొట్టాడు. సండర్లాండ్‌వాళ్ళకి ఆ సీజనంతా అలాగే నడిచింది, చివరికి అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కి పడిపోయారు.

మస్కట్ అనేది అలంకారం కోసం పెట్టినట్టు కనిపిస్తుంది కానీ, నా లెక్కలో ఈ కేసు అక్కడే కుదురుకుంది. క్యాన్సర్ పిల్లాడికి రోజంతా ఎవరో ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. సూది గుచ్చుతారు, స్కాన్‌కి పడుకోబెడతారు, బరువు చూస్తారు, మందు తాగిస్తారు. వాడి వంతుగా చేయాల్సిందల్లా కదలకుండా ఉండడం. మస్కట్‌కి మాత్రం ఒక పని ఉంటుంది. డ్రెస్ వేసుకోవాలి, వరుసలో నిలబడాలి, చెయ్యి పట్టుకోవాలి, నడవాలి. ఆ పనిని మామూలు ఆరోగ్యంగా ఉన్న పిల్లలూ చేస్తారు. కాబట్టి బ్రాడ్లీ అక్కడ జబ్బు పిల్లాడిగా కాక, సండర్లాండ్ పిల్లాడిగా నిలబడ్డాడు.

మన దగ్గర విజిట్లలో తిరగేసి జరుగుతుంది. పిల్లాడు మంచం మీద ఉంటాడు, వచ్చిన పెద్దమనిషి నిలబడి ఉంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా పిల్లాడినే చూస్తుంటారు. కాసేపటికి వాడు అమ్మ కొంగులో మొహం దాచుకుంటాడు. అప్పుడు అందరూ "సిగ్గుపడుతున్నాడు" అని నవ్వుతారు. చాలాసార్లు అది సిగ్గు కాదు, ఏం చేయాలో తెలియకపోవడం. అందుకే వచ్చేవాళ్ళ మేనేజర్లతో నేను మొదట అడిగేది బహుమతుల గురించి కాదు. పిల్లాడికి చేయడానికి ఏదైనా పని ఇవ్వగలరా అని అడుగుతాను. బ్యాట్ పట్టుకోవడం, టాస్ వేయడం, టీమ్ జాబితా చదవడం, ఏదైనా సరే.

పెనాల్టీ

ఆ డిసెంబర్‌లో వచ్చిన స్కాన్ రిపోర్టుతో ఆశలు తలకిందులయ్యాయి. జబ్బు బాగా పెరిగింది, ఇక నయం చేసే మార్గం లేదు, ఇచ్చే మందులు కొంత సమయం కోసమేనని డాక్టర్లు చెప్పేశారు.

డిసెంబర్ 14న సండర్లాండ్ చెల్సీతో ఆడింది. ఆటకి ముందు వార్మప్‌లో బ్రాడ్లీ పెనాల్టీ కొట్టాడు. గోల్‌లో చెల్సీ కీపర్ అస్మిర్ బెగోవిచ్ ఉన్నాడు. బంతి వలలోకి వెళ్ళింది, మైదానం మొత్తం అరిచింది. బీబీసీ 'మ్యాచ్ ఆఫ్ ది డే' కార్యక్రమం ఆ నెల ఉత్తమ గోల్ గౌరవంలో బ్రాడ్లీకీ వాటా ఇచ్చింది. ఆ నెల బహుమతి తెచ్చిన రెండో గోల్ మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మిఖిటారియన్ మడమతో గాల్లో కొట్టింది.

ట్రైనింగ్‌లో ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: కీపర్ కావాలని వదిలేశాడు కదా, అది అబద్ధం కాదా అని. ఐదేళ్ళ పిల్లాడి విషయంలో నాకలా అనిపించదు. ఆ వయసులో ఆటే భాష. ఇంట్లో నాన్న కావాలని క్యాచ్ వదిలేస్తే పిల్లాడు మోసపోడు, ఆట సాగుతోందని సంతోషిస్తాడు. పన్నెండేళ్ళ పిల్లాడికైతే మాత్రం ఇలా చేయించను. ఆ వయసువాళ్ళు జాలిని దూరం నుంచే పసిగడతారు, మనసు కష్టపెట్టుకుంటారు. వాళ్ళకి పెనాల్టీ కంటే ఆటగాడితో తలుపు మూసుకుని అరగంట మాట్లాడుకోవడం ఎక్కువ విలువైనది. వయసుని బట్టి ఏర్పాటు మారాలన్న ఈ చిన్న సంగతి చాలామంది నిర్వాహకులకి తోచదు.

ఆ క్రిస్మస్‌కి ప్రపంచం నలుమూలల నుంచి బ్రాడ్లీకి రెండున్నర లక్షల దాకా గ్రీటింగ్ కార్డులు వచ్చాయి.

మంచం పక్కన

ఈ కేసులో నన్ను ఎక్కువసేపు ఆపేది స్టేడియం కాదు, ఆసుపత్రి గది.

2017 ఫిబ్రవరిలో డెఫో జట్టు సభ్యులతో కలిసి ఆసుపత్రికి వెళ్ళాడు. అప్పటి ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. మంచం మీద డెఫో ఒరిగి ఉన్నాడు, బ్రాడ్లీ అతన్ని ఆనుకుని నిద్రపోయాడు. అందులో మరేమీ జరగడం లేదు. మాటల్లేవు, బహుమతి లేదు, బంతి లేదు.

నొప్పిలో ఉన్న పిల్లాడు ఎవరి పక్కన నిద్రపోతాడో గమనించండి. అమ్మ, నాన్న, అమ్మమ్మ, ఎక్కువకాలంగా తెలిసిన నర్సు. కొత్తమనిషి వస్తే ఒళ్ళు బిగపట్టుకుని మెలకువగా ఉంటాడు, ఏ సూది గుచ్చుతారో అని. కాబట్టి ఆ నిద్ర నా దృష్టిలో ఒక క్లినికల్ ఆధారం. మొదటి రోజే ఎవరికీ అలాంటిది దొరకదు. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ మనిషి మళ్ళీ మళ్ళీ కనిపించాడు, చెప్పినప్పుడు వచ్చాడు, వచ్చినప్పుడు తొందరపడలేదు. డెఫో అతన్ని తన బెస్ట్ ఫ్రెండ్ అనేవాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి ఐదేళ్ళవాడి గురించి అలా అంటే ముద్దుగా అన్నాడనుకుంటాం, కానీ ఆ నెలల్లో అతను నడుచుకున్న తీరు ఆ మాటకి తగ్గట్టే ఉంది.

కోరికలు తీర్చే సంస్థల పని 1980లో అమెరికాలోని ఫీనిక్స్‌లో మొదలైందని చెప్పొచ్చు. లుకేమియాతో (రక్త క్యాన్సర్) ఉన్న ఏడేళ్ళ పిల్లాడు పోలీసు కావాలని కోరుకుంటే అక్కడి పోలీసులు యూనిఫాం కుట్టించి ఒకరోజు వాళ్ళలో ఒకడిగా చేసుకున్నారు. మేక్-ఎ-విష్ పుట్టింది దాన్నుంచే. ఆ పద్ధతిలో ఒక కోరిక, ఒక రోజు ఉంటుంది. ఎదురుచూపులో ఉండే ఉత్సాహం పిల్లలకి నిజంగా మేలు చేస్తుంది, కీమో సైకిల్ మధ్యలో పట్టుకోవడానికి ఒక తేదీ దొరుకుతుంది. కానీ ఆ రోజు గడిచాక వచ్చే వెలితి కూడా మేం చూస్తాం. వారం రోజుల పాటు "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడుగుతూనే ఉంటారు, తర్వాత అడగడం మానేస్తారు. మానేశాక వార్డులో అందరూ మర్చిపోయాడనుకుంటారు.

ఒక పెద్ద రోజు కావాలా, నాలుగు చిన్న ఫోన్ కాల్స్ కావాలా అని ఎంచుకోవాల్సి వస్తే నేను ఫోన్ కాల్సే ఎంచుకుంటాను. బ్రాడ్లీకి రెండూ దొరికాయి, అందుకే ఆ కేసు పెద్ద పేరు తెచ్చుకుంది. ఫోన్లు లేకుండా స్టేడియం మాత్రమే ఉండి ఉంటే మనం ఇప్పుడు దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదేమో.

వెంబ్లీ

2017 మార్చి 26న వెంబ్లీలో ఇంగ్లండ్, లిథువేనియాల మధ్య వరల్డ్ కప్ క్వాలిఫయర్. చాలాకాలం తర్వాత డెఫో మళ్ళీ ఇంగ్లండ్ జట్టులోకి వచ్చాడు. బ్రాడ్లీ చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిచాడు. మొదటి అర్ధభాగంలోనే డెఫో గోల్ కొట్టాడు, ఇంగ్లండ్ 2–0తో గెలిచింది. దేశం తరఫున అతనికి నాలుగేళ్ళ తర్వాత వచ్చిన గోల్ అది.

"గోల్ కొడతానని పిల్లాడికి మాటిచ్చి కొట్టాడు" అన్నట్టుగా ఇలాంటి కథలు చెప్పుకోవడం మనకిష్టం. వచ్చేవాళ్ళతో నేను గట్టిగా చెప్పే రెండో మాట ఇదే: దయచేసి ఫలితం మీద మాటివ్వకండి. "నీ కోసం సెంచరీ కొడతా" అన్న క్రికెటర్ డకౌట్ అయితే, ఆరేళ్ళవాడు అది తన తప్పేమో అనుకోగలడు. ఆ వయసులో ప్రపంచంలో జరిగేదంతా తన వల్లేననుకోవడం సహజం, జబ్బు కూడా తను చేసిన ఏదో తప్పు వల్లే వచ్చిందనుకునే పిల్లలు ఎందరో. ఇచ్చే మాట మన చేతిలో ఉన్నదై ఉండాలి: "శనివారం ఫోన్ చేస్తా".

ఏప్రిల్‌లో ఎయిన్‌ట్రీలో జరిగిన గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెంలో నలభై గుర్రాల జాబితాకి గౌరవార్థం బ్రాడ్లీ పేరుని 41వ పేరుగా చేర్చారు. సరదా విషయమే. పందేనికీ ఫుట్‌బాల్‌కీ సంబంధం లేదు, అయినా అప్పటికి దేశం మొత్తానికి అతను పేరు పెట్టి పిలిచేంత దగ్గరైపోయాడు.

డబ్బు, చికిత్స

ఇక్కడ కాస్త చేదు మాట చెప్పాలి. 7 లక్షల పౌండ్ల లక్ష్యం అందింది. కానీ దేని కోసం పోగుచేశారో ఆ చికిత్స జరిగే వీలు లేకపోయింది. ఈ రకం యాంటీబాడీ మందులు ప్రధానంగా జబ్బు బాగా అణిగాక, మిగిలిపోయిన కణాల్ని ఏరేయడానికి పనికొస్తాయి. ఒళ్ళంతా పెరిగిన గడ్డల మీద వాటి నుంచి ఆశించగలిగేది తక్కువ. డిసెంబర్ నాటికి బ్రాడ్లీ పరిస్థితి ఆ గీత దాటేసింది.

స్టార్లు, క్లబ్బులు వచ్చి చేరినప్పుడు రెండు పనులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఒకటి పిల్లాడికి సంతోషం ఇవ్వడం, రెండోది చికిత్సకి డబ్బు తేవడం. రెండూ మంచివే. కానీ కలిసిపోయాక, స్కాన్ బాగోలేదని డాక్టర్ చెప్పే మాట ఒక్క కుటుంబానికే కాక, ఇచ్చినవాళ్ళందరికీ చెప్తున్నట్టవుతుంది. తల్లిదండ్రుల మీద ఆ బరువు అదనంగా పడుతుంది. "ఇంతమంది ఇచ్చారు, ఇప్పుడు ఆపేస్తే ఏమనుకుంటారు?" అన్న ప్రశ్న మన ఊళ్ళలో కూడా నేను విన్నదే. క్రౌడ్‌ఫండింగ్ యాప్‌లో పెట్టిన ఫొటో కింద లైకులు పెరిగేకొద్దీ పాలియేటివ్ కేర్ (జబ్బు నయం చేయడం కాక, నొప్పీ బాధా తగ్గించే వైద్యం) గురించి మాట్లాడడం కష్టమవుతుంది. అందుకే డబ్బు వసూలు మొదలయ్యే రోజే, చికిత్స కుదరకపోతే ఆ డబ్బు ఎటు వెళ్తుందో రాసి పెట్టించమని కుటుంబాలకి చెప్తాను. బ్రాడ్లీ కుటుంబం తర్వాత అతని పేరుతో ఫౌండేషన్ పెట్టింది. అది జబ్బుపడ్డ ఇతర పిల్లల కుటుంబాలకి నిధులు పోగుచేసుకోవడంలో సాయపడుతోంది. కష్టంలో ఉన్నప్పుడు అంత స్పష్టంగా ఆలోచించడం అందరికీ సాధ్యం కాదు.

ఆటగాడిని ఎవరు చూసుకోవాలి

డెఫో తండ్రి 2012లో క్యాన్సర్‌తో చనిపోయాడు. అప్పుడు డెఫో యూరో టోర్నీలో ఇంగ్లండ్ జట్టుతో ఉన్నాడు, క్యాంప్ వదిలి ఇంటికి వెళ్ళాల్సివచ్చింది. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ క్యాన్సర్ మంచం పక్కనే కూర్చున్నాడు.

2017 వేసవిలో అతను సండర్లాండ్ వదిలి దేశానికి రెండో కొసన ఉన్న బోర్న్‌మత్ క్లబ్‌కి మారాడు. ట్రాన్స్‌ఫర్ అయితే చాలా బంధాలు తెగిపోతాయి, ఇది తెగలేదు. జూలై 6న కొత్త క్లబ్ ప్రెస్ మీట్‌లో బ్రాడ్లీ గురించి అడిగితే కెమెరాల ముందే ఏడ్చేశాడు. మర్నాడు, జూలై 7న, బ్రాడ్లీ చనిపోయాడు. ఆరేళ్ళు.

ఈ ప్రెస్ మీట్ వీడియో చూపించి నేను కొత్తవాళ్ళని ఒక్కటే అడుగుతాను: వచ్చే అతిథికి మనం మాస్కు గురించి, చేతులు కడుక్కోవడం గురించి చెప్తాం, పిల్లాడి పేరు, ఇష్టాలు చెప్తాం. వెళ్ళేటప్పుడు ఏం చెప్తాం? ఏమీ చెప్పం, గేటు దాకా దిగబెట్టి థాంక్స్ అంటాం. ఇరవై మూడేళ్ళ క్రికెటర్ కారెక్కి ఏం ఆలోచిస్తాడో మనకి పట్టదు. రెండోసారి రమ్మంటే చాలామంది రాకపోవడానికి కారణం బిజీ ఒక్కటే కాదని నా అనుమానం. మళ్ళీ వస్తే ఆ పిల్లాడు ఎలా ఉంటాడో అన్న భయం కూడా. ఆ భయం పోగొట్టడం మన పనిలో భాగమే. వచ్చే ముందు పది నిమిషాలు, వెళ్ళాక ఒక ఫోన్. పిల్లాడి పరిస్థితి దిగజారితే, తల్లిదండ్రులు సరేనంటే, వార్త పేపర్లో చూసేలోగా అతనికి మనమే చెప్పాలి.

పేరు తెచ్చే నష్టం

ఇంత ప్రేమ వచ్చినచోట వేరేవి కూడా వస్తాయి. 2023 సెప్టెంబర్‌లో, బ్రాడ్లీ పోయిన ఆరేళ్ళకి, షెఫీల్డ్‌లో సండర్లాండ్ ఆడిన మ్యాచ్‌లో ప్రత్యర్థి అభిమాని ఒకడు అతని ఫొటోని ఫోన్‌లో చూపించి వెక్కిరించాడు. కేసు నడిచింది, సస్పెండెడ్ జైలు శిక్ష పడింది, మ్యాచ్‌లకి రాకుండా నిషేధించారు. ఆ తల్లి అదంతా మళ్ళీ చూడాల్సి వచ్చింది.

దీన్నిబట్టి ఫొటోలు వద్దనను. కానీ ఆ ఫొటో పిల్లాడి తర్వాత కూడా బతుకుతుందని తల్లిదండ్రులకి ముందే చెప్పాలి. అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకోవడం చాలదు. మాట్లాడగలిగే పిల్లలైతే వాళ్ళనీ అడగాలి. జుట్టు ఊడి, స్టీరాయిడ్స్‌తో మొహం ఉబ్బి ఉన్న పాప "ఇప్పుడొద్దు అక్కా" అంటే అక్కడితో ఆగాలి, ఎదురుగా ఎంత పెద్ద స్టార్ ఉన్నా సరే.

వార్డులో ఈ కేసుని ఎలా వాడుకుంటాం

ముందు కౌంట్స్ చూస్తాం. తెల్లకణాలు పడిపోయిన వారంలో ఏ స్టారూ రాడు. వచ్చేవాళ్ళ ఇంట్లో ఈమధ్య ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందా అని తప్పకుండా అడుగుతాం, ఎందుకంటే కీమోలో ఉన్న పిల్లలకి అది ప్రాణాంతకం కావచ్చు. ఖాయమయ్యేదాకా పిల్లాడికి చెప్పం. వాయిదా పడే అవకాశం ఉన్నచోట, చివరి దశలో ఉన్న పిల్లల విషయంలో పుట్టినరోజు దాకా ఆగం, ఈ వారంలోనే వీడియో కాల్ పెట్టిస్తాం. పక్క మంచాల పిల్లలు కూడా చూస్తుంటారు కాబట్టి, ఒక్కరికే వస్తే ఆ పలకరింపు వేరే గదిలో. ఇంట్లో ఉన్న అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరికంటే ఎక్కువ మర్చిపోబడతారు, ఆ రోజు వాళ్ళనీ పిలుస్తాం.

ఫుట్‌బాల్ బ్రాడ్లీ ఆయుష్షు పెంచిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, అలా అనడానికి ఆధారం లేదు. కోరిక తీరిన పిల్లల్లో అత్యవసరంగా ఆసుపత్రికి రావడం తగ్గిందని అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. అయితే కోరిక తీర్చడానికి ఒప్పుకునేంత ఆరోగ్యంగా ఉన్న పిల్లలే ఆ గుంపులో ఎక్కువ ఉండొచ్చు కదా అన్న సందేహం నాకుంది. మేలు చేసిందనడానికి అంత దూరం వెళ్ళనక్కర్లేదు. నొప్పిలో ఉన్న పిల్లాడు ఒక మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడంటే అదే మేలు.

జూలై 14న బ్లాక్‌హాల్‌లో అంత్యక్రియలు జరిగాయి. జనం నల్ల బట్టలకి బదులు ఫుట్‌బాల్ చొక్కాలు వేసుకుని వచ్చారు. డెఫో స్పెయిన్‌లో కొత్త క్లబ్ ట్రైనింగ్ క్యాంప్ నుంచి వచ్చాడు. ఆ ఏడాది చివర్లో బీబీసీ తన క్రీడా అవార్డుల సభలో బ్రాడ్లీకి మరణానంతరం, కష్టాన్ని ధైర్యంగా ఎదుర్కొన్నవాళ్ళకిచ్చే హెలెన్ రోలాసన్ అవార్డు ఇచ్చింది. మరుసటి ఏడాది డెఫోకి తన ఫౌండేషన్ సేవలకి గాను ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ గౌరవ బిరుదు వచ్చింది.

అంత్యక్రియలకి రమ్మని మేం ఏ స్టార్‌నీ అడగం. మన దగ్గర అలా వస్తే గుంపు ఎక్కువైపోయి కుటుంబం నలిగిపోతుంది. పెద్దకర్మ అయ్యాక, ఇల్లు ఖాళీ అయిన రోజుల్లో, తల్లిదండ్రులకి ఒక్క ఫోన్ చేయమని మాత్రం అడుగుతాం. ఆ ఫోన్ ఎవరు గుర్తుచేయాలో, ఏ వారంలో చేయాలో మొదటి విజిట్ రోజే ఫైల్లో రాసి పెడుతున్నాం.